లీటరు ఆయిల్ ఎక్కువైనందుకు లక్షా అరవై వేల అప్పు చేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 33. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 62 వేలు వస్తుంది. ఎనిమిది నెలల కింద లోను పెట్టి సెకండ్ హ్యాండ్ టర్బో స్పోర్ట్స్ కారు కొన్నాను. పోయిన నెల తెలిసిన మెకానిక్ దగ్గర ఇంజిన్ ఆయిల్ మార్పించాను. మాన్యువల్‌లో 4.6 లీటర్లని ఉంటే, అయిదు లీటర్ల క్యాను మొత్తం వంచేసి పైన ఇంకో అర లీటరు పోశాడు. డిప్‌స్టిక్ మీద గీత దాటిందని చెబితే, ‘ఎండాకాలం కదన్నా, కొంచెం ఎక్కువుంటేనే మంచిది’ అన్నాడు. బెంగళూరు పోతుంటే పెనుకొండ దాటాక వెనక నీలం పొగ మొదలైంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) పోయింది, 1,60,000 అవుతుందంటున్నారు. బ్యాంకులో 11 వేలే ఉన్నాయి. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. నెలకు 4,800, ఏడాదికి 57,600 వడ్డీకే పోతుంది. అసలు 1,60,000 అలాగే నిలబడి ఉంటుంది. కారు బాగు చేయించడానికి చేసిన అప్పు కారు అమ్మినా తీరని పరిస్థితి ఎందుకు తెచ్చుకుంటారు?

బోరు మోటారు కాలిందని, ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అని ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తాయి. కారణం ఏదైనా, ఖాతాలో మాత్రం పది పదకొండు వేలే ఉంటాయి. మీరు రాసిన లెక్కే చూడండి. అద్దె 9, ఇంటి ఖర్చు 18, కారు ఈఎంఐ 14, చీటీ 10, పెట్రోలు 6, మ్యూచువల్ ఫండ్ సిప్ 5 వేలు. మొత్తం 62. జీతంలో ఒక్క రూపాయి మిగలడం లేదు. సిప్ కడుతున్నారు, చీటీ వేస్తున్నారు, కాబట్టి దాస్తున్నాననే అనుకున్నారు. కానీ రేపు పొద్దున కావాలంటే చేతికొచ్చే డబ్బు ఒక్కటీ లేదు. మీ తప్పు అక్కడుంది.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీ యాక్సిడెంటు, దొంగతనం లాంటి వాటికే గానీ ఇంజిన్ లోపలి రిపేరుకు ఇవ్వదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉన్నా, అది సాధారణంగా నీళ్లు చేరినప్పుడో, అడుగు తగిలి ఆయిల్ కారిపోయినప్పుడో పనికొస్తుంది. ఎక్కువ పోసినందుకు రాదు. ఇలాంటి ఖర్చుకు అత్యవసర నిధి తప్ప వేరే దిక్కు లేదు.

అయితే అప్పు మాట ఎత్తే ముందు అసలు టర్బో పోయిందో లేదో తేల్చుకోండి. ఆయిల్ మరీ ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది. టర్బో నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దాని బేరింగును కాపాడేది పలుచని ఆయిల్ పొరే. నురుగు ఆ పని చేయలేదు. పైగా టర్బో నుంచి ఆయిల్ తన బరువుతోనే కిందికి దిగాలి. కింద నిండిపోయి ఉంటే దిగలేక సీళ్ల పక్కనుంచి బయటికొచ్చి కాలుతుంది, నీలం పొగ వస్తుంది. అంటే పొగ వచ్చినంత మాత్రాన టర్బో చచ్చిపోయినట్టు కాదు. బండి స్టార్ట్ చేయకుండా ఇంకో మంచి గ్యారేజీకి లాగించుకెళ్లండి. ఆయిలూ ఫిల్టరూ మార్చి, ఇంటర్‌కూలర్, పైపులు శుభ్రం చేసి, టర్బో షాఫ్ట్ మామూలు కన్నా ఎక్కువ ఊగుతోందేమో చేత్తో పట్టి చూడమనండి. ఊగితే అప్పుడు లోపలి కార్ట్రిడ్జ్ ఒక్కటి మారిస్తే ఎంతవుతుందో అడగండి. ఈ పరీక్షకు మీ 11 వేలు పెట్టినా తప్పు లేదు.

ఇక డబ్బు సంగతి. కొన్నాళ్లు బైకు మీద తిరగండి, పెట్రోల్లో 4 వేలు మిగులుతుంది. సిప్ ఆపండి, ఇంకో 5 వేలు. ఈ 9 వేలు ఒకటో తారీఖునే ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో పడాలి. చీటీకి ఇంకా ఏడు నెలలే ఉందన్నారు, ఇప్పుడు వేలం పాట పాడి నష్టానికి ఎత్తుకోవద్దు. చివర్లో వచ్చే 2 లక్షలూ, ఈ 63 వేలూ కలిస్తే 2,63,000. అత్యవసర నిధిలో ఆరు నెలల ఖర్చు ఉండాలి. మీ తప్పనిసరి ఖర్చు నెలకు 47 వేలు, అంటే 2,82,000 కావాలి. దాదాపు అక్కడికి చేరతారు. నిధి నిండాకే కారు.

రిపేరు 40 వేల లోపు తేలితే మాత్రం అయిదు నెలల పొదుపుతో ముందే చేయించుకోండి, ఆ మేరకు నిధి వెనక్కి జరుగుతుంది. నిజంగానే 1,60,000 అయితే, అమ్మేయడం గురించి ఆలోచించండి. బాధగా ఉంటుందని తెలుసు. వచ్చే ధర లోను బాకీకి సరిపోతుందో లేదో ముందు చూసుకోండి. ఇంట్లో బంగారం మీద బ్యాంకులో తీసుకోవడం ఆ మూడు రూపాయల వడ్డీ కన్నా చవకే, కానీ టర్బో కోసం భార్య నగలు పెట్టమని నేను చెప్పను.

కారు ఉంచుకుంటే ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు పక్కన నిలబడండి. పాతది పూర్తిగా దిగదు కాబట్టి ముందు నాలుగు లీటర్లే పోయించండి. ఇంజిన్ కాసేపు తిప్పి ఆపి, సమతలం మీద అయిదు పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూడండి. పై గీతకు కొంచెం కిందికి వచ్చేదాకా కొద్దికొద్దిగా పోయించండి. మిగిలింది డబ్బు పెట్టి కొన్నదే, క్యానుతో ఇంటికి తెచ్చుకోండి. గీత దాటితే బండి కదపకుండా అక్కడే తీయించేయండి, ఆ పని వందల్లో అయిపోతుంది.

ముందుగా, వడ్డీకి ఇస్తానన్నాయనకు ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి.