ఊళ్లో గొడ్లు తగ్గిపోతుంటే పాపను పశువైద్యం చదివించాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట పల్లె. మా నాయన కాలంలో దొడ్డి నిండా ఇరవై గొడ్లు. ఇప్పుడు నాలుగు గేదెలు. ఊరంతా ఇదే వరస. మా పాప ఇంటర్ బైపీసీ అయింది, నీట్ రాసింది. ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు కాదు. పశువైద్యం చదువుతానంటోంది. గొడ్లే లేకుండా పోతుంటే గొడ్ల డాక్టరుకు పనెక్కడ? పైగా ఆడపిల్ల గేదెల చుట్టూ తిరగడం ఏంటని వాళ్లమ్మకు టెన్షన్.

జవాబు: అన్నా, ముందు మీ నాయన దొడ్డిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ ఇరవైలో పాలిచ్చేవి ఎన్ని? ఆ రోజుల్లో మెట్ట ఇంటి దొడ్డి అంటే అరక ఎద్దులు, ఎదుగుతున్న కోడెలు, వట్టిపోయిన ఆవులు, దూడలు. చెంబు పట్టుకుని కూర్చుంటే పాలిచ్చేవి నాలుగో అయిదో. ట్రాక్టరు వచ్చింది, ఎద్దులు వెళ్లిపోయాయి. మీకు ఖాళీగా కనిపిస్తున్న చోటు చాలావరకు ఎద్దులు కట్టేసిన చోటే.

దేశం లెక్క కూడా ఇదే చెబుతోంది. 2012 పశుగణనకూ 2019 పశుగణనకూ మధ్య ఆవు జాతిలో మగ పశువులు దాదాపు 30 శాతం తగ్గాయి. ఆడవి 18 శాతం పెరిగి పద్నాలుగున్నర కోట్లు దాటాయి. గేదె జాతి పెరిగింది ఒక్క శాతమే, 11 కోట్ల దగ్గర ఆగింది. ఆవు, గేదె జాతులు రెండూ కలిపి చూస్తే ఏడేళ్లలో మొత్తం మంద ఒక్క శాతం పెరిగిందంతే. మరి పాలు? 2012-13లో 13 కోట్ల టన్నుల పైచిలుకు ఉన్నవి 2018-19కి 18 కోట్ల 77 లక్షల టన్నులయ్యాయి. 2023-24లో దాదాపు 24 కోట్ల టన్నులు. మంద అక్కడే ఉంది, పాలు మాత్రం పెరుగుతూ పోయాయి. అమెరికాలోనైతే 1944లో పాడి ఆవులు రెండున్నర కోట్లు ఉండేవి. ఇప్పుడు కోటి కూడా లేవు, పాలు మాత్రం అప్పటికి దాదాపు రెండింతలు.

ఈ పెరిగిన పాలలో కొంత ఎద్దుల చోట ఆవులు పెరగడం వల్ల, కొంత జాతి మార్పు వల్ల వచ్చింది. సంకరజాతి ఆవు రోజుకు సగటున 8 కిలోలకు పైగా ఇస్తుంటే, నాటు ఆవు అందులో సగం కూడా ఇవ్వదు. మిగతాది మేత, రోగాల అదుపు, సకాలంలో చూలు కట్టించడం. ఈ మూడూ తెలిసిన మనిషి చేతిలో ఉన్నాయి. మీ పాప నేర్చుకోబోయేది ఇదే.

మీ ఇంటి లెక్కే చెబుతాను. గేదె ఎద ఆవుకున్నంత స్పష్టంగా కనబడదు. తెల్లవారుజామున కాసేపు అరుస్తుంది, మేత వదిలేస్తుంది, వెనక జిగురు తీగ వేలాడుతుంది, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. ఒక్కోసారి ఆ అరుపు కూడా ఉండదు, దాన్నే మూగ ఎద అంటాం. ఆ పూట తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఇలా ఐదారు సార్లు తప్పితే ఈతకూ ఈతకూ మధ్య ఏడాదిన్నర అవుతుంది. కనిపెట్టి సమయానికి కృత్రిమ గర్భధారణ సూది వేయిస్తే పద్నాలుగు నెలలకే ఈనుతుంది. అంటే ఆరేళ్లలో నాలుగు ఈతల బదులు అయిదు. కొట్టంలో ఒక్క గేదె పెరగకుండానే ఒక ఈత పాలు అదనంగా చేతికొచ్చాయి. వట్టిపోయిన గేదెకు ఎండుగడ్డి, తవుడు మోసిన ఇంటాయనకు ఆ విలువ నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు పెయ్యదూడలే ఎక్కువగా పుట్టే వీర్యం కూడా వచ్చింది, పదింట తొమ్మిది పెయ్యలే. దాన్ని ఏ గేదెకు, ఏ సమయానికి వేయాలో తెలియకపోతే డబ్బు దండగ.

గొడ్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒకటి పోతే ఇంకొకటి ఉందిలే అనుకునేవాళ్లం. ఇప్పుడు లక్ష రూపాయల గేదె పొదుగువాపుతో పడితే ఆ ఇల్లే తలకిందులవుతుంది. అందుకే డాక్టరు అవసరం తగ్గలేదు, పెరిగింది. ప్రభుత్వ ఉద్యోగం ఒక్కటే నమ్ముకోవద్దు, నోటిఫికేషన్ ఏటా రాదు. డెయిరీలకు, దాణా కంపెనీలకు, కోళ్ల ఫారాలకు, పశు బీమాకు, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలకు పశువైద్యులు కావాలి.

ఇక వాళ్లమ్మ మాట. వదినగారిని ఒకటి అడగండి: మీ ఇంట్లో పేడ ఎత్తేది, పాలు పితికేది, గేదె మేత ముట్టలేదని ముందు గుర్తుపట్టేది ఎవరు? పల్లెల్లో పాడి నడిపేది ఆడవాళ్లే. డాక్టరు మగవాడైతే పొదుగు సంగతి చెప్పడానికి కూడా మొహమాటపడి మగవాళ్లతో చెప్పిస్తారు, సగం మాట మధ్యలోనే పోతుంది. ఆడ డాక్టరు కొట్టంలోకి వస్తే నేరుగా చెబుతారు. అర్ధరాత్రి దూడ అడ్డం తిరిగిందని ఫోన్ వస్తుంది, భుజం దాకా చేయి పెట్టి లాగాల్సి వస్తుంది. ఆ కష్టం దాచను. కానీ పాప గేదెల మధ్యే పెరిగింది. పట్నం పిల్లలు రెండో ఏడాదిలో పోగొట్టుకునే భయం ఆమెకు అసలు ఉండదు.

చదువు విషయానికొస్తే, పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో కాలేజీలున్నాయి, సీట్లు నీట్ ర్యాంకుతోనే. రైతు కోటా ఉంది కాబట్టి పొలం పాస్‌బుక్, పల్లెలో చదివిన స్టడీ సర్టిఫికెట్లు ఈ వారమే తీసి పెట్టండి. చాలామంది చివరి రోజు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి అవకాశం పోగొట్టుకుంటారు. డెయిరీ టెక్నాలజీ ఎంపీసీ వాళ్లకు, మీ పాపకు కాదు. బీవీఎస్సీ రాకపోతే మన ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ ఉంది. రొయ్యల జిల్లాలో అదేమీ చిన్న దారి కాదు.

కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు పాపను రెండు చోట్లకు పంపండి. మీ ఊళ్లో పశువులకు చూలు సూదులు వేసే గోపాలమిత్రతో నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరగనివ్వండి. ఒకరోజు కొండాపురం మండలం చింతలదేవి తీసుకెళ్లండి, దేశవాళీ జాతుల కామధేను కేంద్రం మీకు దగ్గరే. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో మన నెల్లూరు పేరుతోనే కోట్ల సంఖ్యలో ఉంది. ఇక్కడ మాత్రం తగ్గిపోతోందని నాకు బాధ. అవి చూసి ఇంటికొచ్చాక కూడా పాప ఇదే చదువుతానంటే, దరఖాస్తులో మొదటి ఆప్షన్ అదే పెట్టించండి.