చెన్నై ఉక్కలో ఫిల్మ్ కెమెరా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫిల్మ్ ఫోటోగ్రఫీ గురించి చెన్నైలోని తెలుగు పాఠకులు పంపిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: ఫోనులో రోజూ పదుల కొద్దీ ఫోటోలు తీస్తుంటాను. ఇప్పుడు ఫిల్మ్ కెమెరా మీదికి మనసు పోయింది. ఇంట్లో వాళ్ళు డబ్బు దండగ అంటున్నారు. నిజమేనా?
(అన్నానగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు లెక్క వేయండి. రీలు ధర, కడిగించడానికయ్యే ఖర్చు, స్కానింగ్ ఖర్చు కలిపి రీలులో వచ్చే ఫోటోల సంఖ్య 36తో భాగిస్తే ఒక్కో క్లిక్కు ఎంత పడుతుందో తెలుస్తుంది. ఆ అంకె చూశాక కూడా ఉత్సాహం మిగిలితే ముందుకు వెళ్ళండి. మీకు కావలసింది పాత ఫోటోల్లో కనిపించే ఆ రంగు మాత్రమే అయితే ఫోన్లో ఏదో ఒక యాప్ చాలు, మీ ఇంట్లో వాళ్ళ మాటే నిజం. నొక్కే ముందే వెలుతురు అంచనా కట్టడం, ఫలితం కోసం వారం ఆగడం, చేతికి నెగటివ్ రావడం ఇష్టమైతే మాత్రం దండగ కాదు.

మొదటి అయిదారు రీళ్ళూ ఒకే రకంవి వాడండి. రంగులకు ఐఎస్‌ఓ (ఫిల్ము వెలుతురును పట్టే శక్తి) 200, నలుపు తెలుపుకు 400 సరిపోతాయి. మాటిమాటికీ ఫిల్మ్ మారిస్తే తప్పు మీదో, ఫిల్ముదో తేలదు. చిన్న నోటుబుక్కులో ప్రతి ఫ్రేముకూ అపర్చరు (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో), షట్టర్ స్పీడు (వెలుతురు ఎంతసేపు పడిందో), వెలుతురు ఎటు నుంచి పడిందో రాసుకోండి. ఫోనులా ఆ వివరాలను ఫిల్మ్ తనంతట తాను నమోదు చేసుకోదు. రాసుకోకపోతే రీలు కడిగి వచ్చాక నేర్చుకునేది ఏమీ ఉండదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో పెంటాక్స్ కె1000, కానన్ ఏఈ-1 రెండూ దొరుకుతున్నాయి. ఏది తీసుకోవాలి? కొనేటప్పుడు ఏం చూడాలి?
(పెరంబూరు)

జవాబు: కొత్తవాళ్ళకు కె1000 అంటాం. 1976 నుంచి 1997 దాకా తయారైంది, పూర్తిగా మెకానికల్. బ్యాటరీ లేకపోయినా అన్ని షట్టర్ స్పీడులూ పనిచేస్తాయి. అందులో వేసే ఒక్క ఎల్‌ఆర్44 బిళ్ళ వెలుతురు కొలిచే లైట్ మీటరుకు మాత్రమే. ఆ మీటరుకు ఆఫ్ స్విచ్ లేదు, లెన్సుకు మూత పెట్టడమే ఆఫ్ చేయడం. మూత మరిస్తే బిళ్ళ త్వరగా అయిపోతుంది. ఏఈ-1 షట్టర్ కరెంటు మీద నడుస్తుంది, 6 వోల్టుల బ్యాటరీ లేనిదే క్లిక్కుమనదు. దాంట్లో ఒక పాత జబ్బు ఉంది: నొక్కగానే కీచుమని దగ్గినట్టు శబ్దం వస్తే అద్దాన్ని తిప్పే గేర్ల దగ్గర నూనె ఆరిపోయిందని అర్థం. బాగు చేయించవచ్చు, ఆ ఖర్చు బేరంలో తగ్గించి అడగండి.

కెమెరా చేతికి రాగానే వెనక తలుపు తెరిచి, ఫిల్మ్ లేకుండా 1 సెకను దగ్గర పెట్టి నొక్కి లెక్కపెట్టండి. తర్వాత 1/1000 పెట్టి, ఆకాశం వైపు తిప్పి, వెనక నుంచి చూస్తూ నొక్కండి. చట్రమంతా ఒక్కసారిగా మెరవాలి. ఒక అంచు చీకటిగా ఉంటే షట్టర్ తెరల్లో ఒకటి వెనకబడుతోంది, ఫోటోలో ఆ పక్క నల్లగా వస్తుంది.

తర్వాత లెన్సు విప్పి, అపర్చరు పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వెయ్యండి. నాలుగు దుమ్ము కణాలుంటే పట్టించుకోకండి. సాలెగూడులా, సన్నని వేళ్ళలా అల్లుకున్నది కనిపిస్తే అది ఫంగస్. అంచున కొంచెమే ఉంటే ఫోటోలో తేడా తెలియదు. కానీ మన ఊరి గాలిలో అది ఆగదు, గాజు మీది పూతను తినేస్తుంది. అందుకే కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచొద్దు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు వేసి పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. నీలం జెల్ గులాబీ రంగుకు తిరిగితే వంటకు వాడని మూకుడులో వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుంది.

వెనక తలుపు అంచుల్లో ఉండే నల్లని స్పాంజి ఈపాటికి తారులా అంటుకుంటూ ఉంటుంది. అక్కడి నుంచి వెలుతురు దూరితే ఫోటోల మీద నారింజ చారలు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో తుడిచి, గాడిలో నల్ల ఊలు దారం, కీలు పక్కన పల్చటి స్పాంజి ముక్క అతికించండి. లోపలి అద్దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. దాని పూత పైమీదే ఉంటుంది, గీత పడితే పోదు.

మీటరు పనిచేయకపోయినా కెమెరా వదులుకోనక్కర లేదు. మెరీనాలో నిండు ఎండకు అపర్చరు ఎఫ్/16 పెట్టి, ఐఎస్‌ఓ 200 ఫిల్ముకు షట్టర్ స్పీడు 1/250 పెడితే సరిపోతుంది. నీడలోకి వెళ్తే అదే స్పీడుకు ఎఫ్/5.6 దాకా తెరవండి. అనుమానం వస్తే నెగటివ్‌కు ఎక్కువ వెలుతురే ఇవ్వండి, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు.

ప్రశ్న: వరసగా రెండు రీళ్ళు ఖాళీగా వచ్చాయి. ల్యాబ్ వాళ్ళు పాడు చేశారా?
(టి.నగర్)

జవాబు: నెగటివ్ అంచు చూడండి. కంపెనీ పేరు, ఫ్రేము అంకెలు స్పష్టంగా ఉండి, మధ్యలో ఏమీ లేకపోతే ల్యాబ్ తప్పు కాదు. ఫిల్ముకు అసలు వెలుతురే తగల్లేదు. అంకెలు కూడా లేకుండా పట్టీ అంతా తేటగా ఉంటే కడగడంలో లోపం. పట్టీ అంతా నల్లబడితే తలుపు తెరుచుకుందనో, మరెక్కడో వెలుతురు తగిలిందనో లెక్క.

మీ విషయంలో చాలావరకు రీలు కుడి పక్క స్పూలుకు పట్టుకోలేదనిపిస్తోంది. కొనను గాడిలో దూర్చి, రెండు వరసల రంధ్రాల్లోనూ పళ్ళు పడ్డాయో లేదో చూసి తలుపు మూయండి. ఎడమ పక్క చుట్టే పిడిని బిగువు తగిలేదాకా మెల్లగా తిప్పండి. ఇక లీవరు లాగిన ప్రతిసారీ ఆ పిడి తనంతట తనే వెనక్కి తిరగాలి, తిరక్కపోతే లోపల రీలు కదలడం లేదు. ఫ్రేముల అంకెను నమ్మొద్దు, కెమెరా ఖాళీగా ఉన్నా అది పెరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: నలుపు తెలుపు రీళ్ళు ఇంట్లోనే కడుగుదామనుకుంటున్నాను. పుస్తకాల్లో అంతా 20 డిగ్రీలంటారు. మా ఇంటి కుళాయి నీళ్ళే 30 దాటి ఉంటాయి. ఎలా?
(ఆవడి)

జవాబు: 20 కోసం తంటాలు పడొద్దు, 24 పెట్టుకోండి. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ఫిల్ముకు ఐడీ-11 డెవలపరు (ఫిల్ము మీద బొమ్మను తేల్చే ద్రావణం) 1+1 పాళ్ళలో 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9 నిమిషాలు. అంతకన్నా వేడైతే సమయం బాగా తగ్గిపోతుంది, అయిదు నిమిషాల లోపుకు వస్తే డెవలపరు సమంగా పట్టక మచ్చలు వస్తాయి.

35 ఎంఎం రీలు ఒక్కదానికి ట్యాంకులో (ఫిల్ము కడిగే, వెలుతురు చొరని డబ్బాలో) 300 మి.లీ. పోయాలి, అంటే 150 డెవలపరు, 150 నీళ్ళు. సీసాలను ఐసు నీళ్ళ టబ్బులో నిలబెట్టి చల్లార్చండి, డెవలపరులోనే ఐసు వేస్తే పాళ్ళు మారిపోతాయి. పోయగానే మొదటి 10 సెకన్లు నాలుగుసార్లు తలకిందులు చేయండి, తర్వాత ప్రతి నిమిషానికీ అంతే. తిప్పిన వెంటనే ట్యాంకును గట్టు మీద ఒకసారి తట్టండి, ఫిల్ముకు అంటిన గాలి బుడగలు పోతాయి.

ఇక్కడ ఎక్కువమంది తప్పేది కడిగే నీళ్ళ దగ్గర. డెవలపరు 24లో ఉంచి, చివరికి 32 డిగ్రీల కుళాయి కింద పట్టేస్తారు. పై పూత ఉబ్బి మెత్తబడుతుంది, వేలు తగిలినా గీత పడుతుంది. పారే నీళ్ళు మానేసి, ట్యాంకులో నీళ్ళు నింపి 5 సార్లు తిప్పి పారబోయండి, మళ్ళీ నింపి 10 సార్లు, ఇంకోసారి నింపి 20 సార్లు. మొత్తం ఒక లీటరు నీళ్ళు చల్లార్చుకుంటే సరి. చివరి ముంచుకు బోరు నీళ్ళు వద్దు, ఆరాక తెల్లటి మచ్చలు మిగులుతాయి. ఇన్వర్టరు బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరులో నీటి చుక్కలు నిలవకుండా జారిపోయేలా చేసే వెటింగ్ ఏజెంటు ఒకట్రెండు చుక్కలు వేసి ముంచండి.

డెవలపరు తర్వాత, కడగడానికి ముందు వాడే ఫిక్సరు (బొమ్మను వెలుతురుకు చెడకుండా నిలిపే ద్రావణం) పనిచేస్తోందా అంటే, కత్తిరించిన రీలు కొనను వెలుతురులోనే అందులో వేయండి. తేటపడటానికి పట్టిన సమయానికి రెట్టింపు సేపు ఫిక్స్ చేయాలి. కొత్త ఫిక్సరుకు పట్టిన దానికి రెట్టింపు పడుతోందంటే అది అయిపోయింది. అందులో వెండి చేరి ఉంటుంది, మొక్కలకు పోయొద్దు.

ట్యాంకులో పెట్టే స్పైరల్‌కు (ఫిల్ము చుట్టుకునే చక్రానికి) చీకట్లో ఫిల్మ్ ఎక్కించడం ఇంకో పరీక్ష. చేతులు దూర్చి పనిచేసే, వెలుతురు చొరని నల్ల సంచిలో పది నిమిషాలుంటే చెమటకు ఫిల్మ్ తడిసి సగంలో ఇరుక్కుంటుంది. తోయొద్దు. ఫిల్ముతో సహా ట్యాంకులో పెట్టి మూత బిగించి, చేతులు బయటికి తీసి తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టండి. స్పైరల్ ముందు రోజే ఆరిపోయి ఉండాలి, ఒక్క చుక్క తడి ఉన్నా ఫిల్మ్ కదలదు. రాత్రి పూట దీపం ఆర్పి, తలుపు సందులో తువ్వాలు కుక్కిన బాత్‌రూమ్, ఆ నల్ల సంచికన్నా నయం. పనికిరాని రీలుతో వెలుతురులో, తర్వాత కళ్ళు మూసుకుని సాధన చేయండి.

రంగు రీళ్ళు తర్వాత చూద్దురుగాని. వాటికి 38 డిగ్రీలు కావాలి, మన ఎండల్లో అది తేలికే. కానీ అర డిగ్రీ అటూ ఇటూ అయినా రంగు పక్కకు జరుగుతుంది.

ప్రశ్న: అటక మీద తాతగారి పెట్టెలో ‘ఇందు’ 120 రీలు దొరికింది. వాడొచ్చా?
(తాంబరం)

జవాబు: ఊటీలో 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళది అది, 35 ఎంఎం కన్నా వెడల్పైన ఫిల్మ్. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. వాడొచ్చు, ఆశ మాత్రం పెట్టుకోవద్దు. గడువు తీరిన ప్రతి పదేళ్ళకూ ఒక స్టాపు (అంటే రెట్టింపు) వెలుతురు ఎక్కువ ఇవ్వాలన్నది చల్లటి చోట దాచిన ఫిల్ముకు చెప్పే లెక్క. 30 ఏళ్ళు దాటిన ఐఎస్‌ఓ 100 రీలును 12గా లెక్కవేసి ఎండలో తీయండి. అటక మీద ఎండలు కాచింది కాబట్టి పొగమంచు పట్టినట్టు బూడిదరంగు తేలడం ఖాయం. చుట్టు కాగితం అంటించి, దాని మీద ‘ఎక్స్‌పోజ్డ్’ అని ఉంటే కెమెరాలో వేయొద్దు. తాతగారు తీసిన ఫోటోలే అందులో ఉండొచ్చు, నలుపు తెలుపు చేసే ల్యాబుకు ఇవ్వండి.

ప్రశ్న: విమానంలో వెళ్ళేటప్పుడు రీళ్ళు ఎక్కడ పెట్టాలి?
(గిండీ)

జవాబు: చేతి సంచిలో. లగేజీలో ఎప్పుడూ వద్దు, అక్కడి ఎక్స్‌రే చాలా బలమైనది. పాత తరహా స్కానరులో ఐఎస్‌ఓ 400 దాకా ఒకట్రెండు సార్లకు పెద్ద నష్టం ఉండదు. కొత్త సీటీ స్కానర్లలో ఏ రీలునూ పంపొద్దని కొడాక్, ఇల్‌ఫర్డ్ రెండూ చెబుతున్నాయి. డబ్బాల్లోంచి తీసి పారదర్శకమైన సంచిలో వేసుకుని, చేత్తో తనిఖీ చేయమని అడగండి. కెమెరాలో సగం వాడిన రీలు ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది, ప్రయాణానికి ముందు రోజే ముగించేయండి.