తీరం వెంట కారు ప్రయాణం: గోదారి డెల్టా దారులపై మీ ప్రశ్నలు

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు): కాకినాడ నుంచి నరసాపురం దాకా సముద్రం పక్కనే కారులో వెళ్లాలని కోరిక. మ్యాపులో నూరు చిల్లర కిలోమీటర్లే కనిపిస్తోంది. ఒక్క రోజు చాలుతుందా? పెద్దవాళ్లిద్దరు, చిన్నపిల్లలిద్దరు ఉంటారు.

జవాబు: చాలదు. దూరం వల్ల కాదు, దారి వల్ల. ఉప్పాడ–కాకినాడ బీచ్ రోడ్డు వదిలి దక్షిణానికి వచ్చాక సముద్రాన్ని ఆనుకుని సాగే రోడ్డు అంటూ లేదు. గౌతమి, వృద్ధ గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు తీరాన్ని ముక్కలు చేశాయి. మధ్యలో ఉప్పుటేర్లు, మడ అడవి, రొయ్యల చెరువులు. కాబట్టి 216 హైవేని దువ్వెన వెన్ను అనుకోండి, బీచ్‌లకు దిగే దారులు దాని పళ్లు. ఒక పంటి చివర నుంచి పక్క పంటి చివరికి పోలేం. వెనక్కి హైవే ఎక్కి మళ్లీ దిగాల్సిందే. హైవే మీద గంటకు 45–50 కిలోమీటర్లు నడిచే కారు, ఊళ్ల మధ్య కాలువ గట్టు రోడ్ల మీద 25–30 దాటదు. మీ లెక్క దీంతో వేసుకోండి.

మూడు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు తెల్లవారుజామున ఉప్పాడ, పదింటికల్లా వెనక్కి. అల్పపీడనం ఉన్నప్పుడు కెరటాలు ఆ రోడ్డు మీదికే వస్తాయి, కోత కూడా ఎక్కువ. ఆ రోజుల్లో పిఠాపురం మీదుగా వెళ్లండి, లేదా ఉప్పాడను మానేయండి. తర్వాత మడ అడవుల అభయారణ్యం కోరింగ. సాయంత్రానికి యానాం చేరి, ఎదుర్లంక వంతెన దాటి అమలాపురంలో బస. రెండో రోజు పొద్దున్నే ఎస్.యానాం బీచ్ గానీ ఓడలరేవు గానీ, ఏదో ఒకటే. రెండూ అమలాపురం నుంచే దిగాలి, రెండింటికీ పోతే పూట పోతుంది. పిల్లలున్నారు కనుక మా ఓటు ఎస్.యానానికి. ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలుస్తుంది, చూడటానికి గొప్పగా ఉంటుంది, నీళ్లలోకి దిగడానికి కాదు. మధ్యాహ్నం బోడసకుర్రు వంతెన మీదుగా పాశర్లపూడి, మామిడికుదురు. ఓపిక ఉంటే ఆదుర్రు బౌద్ధ స్తూపం దగ్గర అరగంట ఆగండి. రాత్రికి దిండి. మూడో రోజు మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. దర్శనం, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూసుకుని మధ్యాహ్నానికి పంటు (మనుషులనూ వాహనాలనూ నది దాటించే బల్లకట్టు) మీద నరసాపురం.

గదులు ముందే మాట్లాడుకోండి. సంక్రాంతి మూడు రోజులూ అమలాపురం, భీమవరం చుట్టుపక్కల గది దొరకదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం కదులుతారు, అంబాజీపేట వైపు కారు పోదు. మాఘంలో భీష్మ ఏకాదశి రోజుల్లో అంతర్వేది తీర్థం జరుగుతుంది. కల్యాణం చూడటానికే వెళ్తే సరే. బీచ్ కోసమైతే ఆ వారం వద్దు.

ప్రశ్న (విజయవాడ): కోరింగలో పడవ షికారుకు వెళ్తే పడవ కదలక గంటసేపు కూర్చోబెట్టారు. ఎందుకలా? ఏ వేళకు వెళ్లాలి?

జవాబు: ఆటు వేళకు వెళ్లి ఉంటారు. అక్కడి ఏర్లలో నీళ్లు సముద్రం పోటుతోనే నిండుతాయి. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, ఒకదానికీ మరోదానికీ మధ్య ఇంచుమించు ఆరు గంటలు. ఆటు వచ్చాక ఏరు అడుగు బురద తేలుతుంది, పడవ పంకా దానిలో దిగబడుతుంది. బలవంతంగా నడిపితే పంకా రెక్క విరుగుతుంది, అందుకే సరంగు ఆగుతాడు. అతని తప్పేమీ లేదు.

బయల్దేరే ముందు రోజు టికెట్ల దగ్గరో, పడవవాళ్లనో పోటు ఎన్నింటికని అడగండి. ఒక రోజు వేళ తెలిస్తే తర్వాతి రోజులది మీరే లెక్క కట్టవచ్చు: రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ రోజు ఉదయం తొమ్మిదికి పోటైతే, మూడు రోజుల తర్వాత పదకొండున్నరకు. సముద్రం ఒడ్డున పోటు వచ్చాక ఏటి లోపలికి ఆ నీరు చేరడానికి ఇంకొంత సేపు పడుతుందనీ గుర్తుంచుకోండి. అమావాస్య, పున్నమి దగ్గరి రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, ఆటు కూడా అంతే లోతుకు దిగుతుంది. అష్టమి ప్రాంతంలో రెండూ మందంగా ఉంటాయి.

చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. మడ చెట్ల మధ్య వేసిన చెక్క వంతెన మీద నడవడానికి పోటు కంటే ఆటే మంచిది. నీరు తీశాకే బురదలోంచి మేకుల్లా నిలబడ్డ శ్వాసవేర్లు కనిపిస్తాయి, ఎర్ర పీతలు కలుగుల్లోంచి బయటికొస్తాయి, బురద మీద గెంతే చిన్న చేపలు కనిపిస్తాయి, కొంగలు మేతకు దిగుతాయి. అందుకని ఆటు చివర చేరుకుని, గంటన్నర నడక ముగించి, నీరు ఎక్కుతుండగా పడవ ఎక్కడం పద్ధతి. ఈ అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్నాయి. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు, పగలు కనబడలేదని నిరుత్సాహపడకండి. వలస పక్షులకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. చెప్పులు కాకుండా వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి, దోమల మందు రాసుకోండి. డ్రోన్ మాత్రం తేవద్దు.

ప్రశ్న (నిజామాబాద్): సఖినేటిపల్లి దగ్గర పంటు మీద కారు ఎక్కించడం క్షేమమేనా? లేక చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలా?

జవాబు: నది నిమ్మళంగా ఉంటే క్షేమమే. అక్కడివాళ్లు నిత్యం మోటారు సైకిళ్లు, కార్లతో దాటుతూనే ఉంటారు. వంతెన మీదుగా అయితే మళ్లీ మలికిపురం, దిండి వైపు వెనక్కి రావాలి, గంటకు పైగా పడుతుంది.

ఇబ్బంది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే. ఆటు సమయంలో పంటు కిందికి దిగి ఉంటుంది, రేవు వాలు నిటారుగా మారుతుంది. అడుగు ఎత్తు తక్కువ ఉన్న కార్లకు ముందు బంపరు గానీ సైలెన్సర్ గానీ రాసుకుంటుంది. అలాంటి కారైతే పోటు మీద ఉన్నప్పుడు దాటండి. మీతో ఉన్నవాళ్లందరినీ రేవులోనే దింపేయండి, బరువు తగ్గి కారు రెండు అంగుళాలు లేస్తుంది. అద్దాలు దించి, సీటు బెల్టు తీసేసి, మొదటి గేరులో, క్లచ్ మీద ఆడించకుండా ఒకే ఊపున ఎక్కించండి. తడి పలక మీద మధ్యలో బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. ఎక్కాక ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, మీరూ కిందికి దిగి నిలబడండి. నది మీద కారులో కూర్చోవద్దు. చిల్లర డబ్బు ఉంచుకోండి. ఆఖరి పంటు ఎప్పుడో దాటే ముందే అడగండి. వరద నీరు వచ్చినా, గాలి ముదిరినా పంటు ఆపేస్తారు, అప్పుడు వాదించకుండా చించినాడకు తిప్పండి.

ప్రశ్న (తణుకు): పేరుపాలెం బీచ్‌లో మా స్నేహితుల కారు ఇసుకలో కూరుకుపోయింది. ట్రాక్టరు తెచ్చి లాగించారు. ఇంకేమైనా మార్గం ఉందా?

జవాబు: మొదటి మార్గం, రోడ్డు చివరే కారు ఆపడం. డెల్టా ఇసుక మిగతా తీరాల ఇసుకలా ఉండదు. నది తెచ్చిన ఒండ్రు పొరలు పొరలుగా కింద ఉంటుంది. నీటి అంచున తడి ఇసుక గట్టిగా కనిపిస్తుంది, పై పొర పగిలిందంటే కింద జారుడు మట్టి. పొడి ఇసుకలో దిగబడ్డ కారును తీయవచ్చు, అంచున దిగబడ్డదాన్ని పోటు వచ్చేలోపే తీయాలి.

దిగబడగానే అందరూ చేసే పని యాక్సిలరేటర్ తొక్కడం. చక్రం తిరిగిన ప్రతిసారీ గొయ్యి లోతవుతుంది, చివరికి కారు అడుగు ఇసుకకు ఆనుతుంది. ఆనిందంటే మీ చేతుల్లో లేదు. వెంటనే ఆపండి. చక్రాల ముందూ వెనకా, కారు కింద పేరుకున్న ఇసుకను చేత్తోనో పళ్లెంతోనో తీయండి. టైర్లలో 30–32 ఉన్న గాలిని 18–20 పౌండ్లకు దించండి, టైరు వెడల్పై బరువు పరుచుకుంటుంది. ఇంజను తిప్పే చక్రాల కింద, చాలా కార్లకు అవి ముందువే, కొబ్బరి మట్టలు ఆకు వైపు చక్రానికి తగిలేలా దూర్చండి. స్టీరింగు తిన్నగా ఉంచి, వచ్చిన జాడలోనే రివర్సులో మెల్లగా రండి. మట్టలు ఎగిరి తగులుతాయి, తోసేవాళ్లు చక్రానికి ఎదురుగా నిలబడవద్దు. బయటపడ్డాక గాలి కొట్టించుకునే దాకా 30 దాటవద్దు, తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. చిన్న గాలి పంపు డిక్కీలో ఉంటే ఈ బాధ లేదు.

ఇంటికి చేరగానే కారు అడుగును మంచినీళ్లతో కడిగించండి. ఉప్పు ముందు పట్టేది బ్రేకు డిస్కులనూ, సైలెన్సర్ కీళ్లనూ.

ప్రశ్న (ఖమ్మం): ఏ నెలలు మంచివి?

జవాబు: డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపాను కూడా ఆ కాలానిదే. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరికకే లంకలకు (నది మధ్య దీవులకు) వెళ్లే కాజ్‌వేలు మునగడం మొదలవుతుంది, రేవుల్లో పంట్లు నిలుస్తాయి. భద్రాచలం మట్టాన్ని గమనిస్తే డెల్టా సంగతి ఇంచుమించు ఒక రోజు ముందే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. డిసెంబరులోనూ, దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లోనూ రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి పైన నల్ల పరదా కప్పుతారు. చీకట్లో లైటు వెలుగుకు అది ఖాళీ రోడ్డులాగే కనబడుతుంది. ధాన్యం మీద బ్రేకు పట్టదు. గడ్డి పరిచిన చోట కారు నిలిపితే వేడి సైలెన్సర్‌కు అంటుకునే ప్రమాదం ఉంది. చీకటి పడ్డాక కాలువ గట్టు దారులు పట్టకపోవడమే మేలు, చాలాచోట్ల పిట్టగోడ ఉండదు.

ప్రశ్న (సూర్యాపేట): పిల్లలను సముద్ర స్నానానికి దింపవచ్చా?

జవాబు: మోకాలి లోతు వరకు, మీ చెయ్యి పట్టుకుని. నది కలిసే మొగ దగ్గర అసలు వద్దు. ఆటు వేళ నది ప్రవాహమూ, వెనక్కి పోయే సముద్రపు నీరూ కలిసి ఒకే వైపు లాగుతాయి, ఈత వచ్చినవాళ్లే నిలవలేరు. మిగతా చోట్ల కూడా అలలు విరుగుతున్న వరుసలో ఒక చోట మాత్రం నీరు ప్రశాంతంగా, కాస్త మురికిగా కనిపిస్తే అది దిగడానికి అనువైన చోటు కాదు, ఒడ్డు నీరు లోపలికి పోయే తోవ. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదవద్దు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈది, అలలు విరిగే చోటికి వచ్చి వాటితోపాటు బయటికి రావాలి. మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల డబ్బాకు 15 మీటర్ల తాడు కట్టి వెంట ఉంచుకోండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే అది విసరండి, వెనకాలే దూకకండి. పోలీసులకు 112, అంబులెన్సుకు 108.

ప్రశ్న (గుంటూరు): ఇదే ప్రయాణంలో పాపికొండల నేషనల్ పార్కు కూడా కలపవచ్చా?

జవాబు: మూడు రోజుల్లో కలపవద్దు. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానం అయ్యాయి, 1012 చదరపు కిలోమీటర్లు. కానీ అవి డెల్టాకు ఎగువన, కొండల్లో ఉన్నాయి. రాజమండ్రి బసగా పెట్టుకుని పడవకే ఒక రోజంతా కేటాయించాలి. నదిలో నీటిమట్టం పెరిగితే పడవలకు అనుమతి ఇవ్వరు. మీకు అడవి కంటే పక్షులు ముఖ్యమైతే నరసాపురం నుంచి భీమవరం, ఆకివీడు మీదుగా కైకలూరు పక్కనున్న ఆటపాక పక్షుల కేంద్రానికి పోండి. భీమవరం నుంచి సుమారు 40 కిలోమీటర్లు. కొల్లేటి గూడబాతులు చలికాలంలో అక్కడ గూళ్లు కడతాయి. పొద్దున్న ఎనిమిదిలోపు చేరాలి.

ప్రశ్న (యానాం మీదుగా వెళ్లే ఒక పాఠకుడు): యానాంలో పెట్రోలు పోయించుకోవచ్చా? మందు సీసాలు?

జవాబు: పెట్రోలు పోయించుకోండి. పుదుచ్చేరి పన్ను కనుక సాధారణంగా తక్కువకు వస్తుంది. సీసాలు మాత్రం ఆంధ్ర హద్దు దాటించడం నేరం, తనిఖీలు ఉంటాయి, కారుతో సహా పట్టుకుంటారు.

ప్రశ్న (వరంగల్): వెళ్లినప్పుడు పులస చేప దొరుకుతుందా?

జవాబు: మేము చెప్పిన నెలల్లో దొరకదు. సముద్రంలో తిరిగే ఇలస వరద ఎర్రనీటికి గోదారిలోకి ఎదురీదినప్పుడే పులస అవుతుంది, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, పంట్లు ఆగే కాలం. జనవరిలో ఎవరైనా పులస అని చూపిస్తే అది సముద్రపు ఇలసే. ఆ ధర అడిగి, ఆ ధరకే తీసుకోండి.