పదహారు గంటల దారికి కాగితాల వరుస

ప్రశ్న: కెప్టెన్ గారికి నమస్కారం. నేను డెల్టా కాలువల మీద ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మా మేనల్లుడు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే విమానంలో కో-పైలట్. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తే అతని సంచిలో ఒక ట్యాబ్ తప్ప మ్యాపు అన్నది కనబడలేదు. అంత దూరం పోయేవాళ్లు చార్టులూ, దారి వివరాలూ ఎలా సర్దుకుంటారు? ఆ ట్యాబ్ ఆగిపోతే ఏం చేస్తారు?
— ఒక పాఠకుడు, రామచంద్రపురం

జవాబు: ఆ ట్యాబ్‌లో ఉన్నవన్నీ మేము నల్లని తోలు పెట్టెలో మోసినవేనండి. చార్టుల సవరణలు ప్రపంచమంతటా 28 రోజులకొకసారి, ఒకే తేదీన అమలులోకి వస్తాయి కనుక, సెలవు రోజున ఇంట్లో కూర్చుని బైండరులోంచి పాత పుటలు ఊడదీసి కొత్తవి ఎక్కించడం మాకొక చాకిరీగా ఉండేది. ట్యాబ్ వచ్చాక ఆ చాకిరీ పోయింది గానీ, సర్దుకోవలసిన పని పోలేదు.

చార్టులను దేశాలవారీగా కాక, ఏది ఎప్పుడు చేతికి కావాలో ఆ వరుసలో పెట్టుకుంటాం. బయలుదేరే రన్‌వేకు దారి చూపే చార్టు, పైకి లేచాక తిరగవలసిన మలుపుల చార్టు, వాటి వెంటనే అదే విమానాశ్రయానికి తిరిగి దిగవలసి వస్తే కావలసిన చార్టు ఉండాలి. ఈ మూడోదాన్ని కొత్తవాళ్లు అడుగున పడేస్తారు. ఆ తరువాత దారి పొడవునా అత్యవసరంగా దిగడానికి అనువైన విమానాశ్రయాలు వస్తాయి. ఒకటి వెనకబడగానే దాన్ని పక్కకు జరిపి, ముందున్నదాని వాతావరణం, రన్‌వే వివరాలు పైకి తెచ్చుకుంటాం.

అయితే సుదూర ప్రయాణంలో చార్టుల కన్నా ఎక్కువగా చూసేది, దారినీ ఇంధనం లెక్కనూ వరుసగా రాసి ఇచ్చే కాగితమైన ఫ్లైట్ ప్లాన్‌నే. సముద్రం మీద దారిలో ఒక్కొక్క గుర్తును, అంటే అక్షాంశ రేఖాంశాలతో పెట్టుకున్న చోటును, కంప్యూటరులో ఎక్కించినప్పుడు ఆ ప్లాన్‌లో దాని పక్కన అంకె వేస్తాం. రెండో పైలట్ విడిగా సరిచూశాక ఆ అంకె చుట్టూ సున్నా చుడతాం. దిశా, దూరమూ కుదిరాయని తేలాక టిక్కు పెడతాం. విమానం ఆ చోటు దాటాక కొట్టేస్తాం. మధ్యలో తన వంతు నిద్ర ముగించుకుని వచ్చిన పైలట్‌కు ఎంత పని అయిందో, ఎంత మిగిలిందో ఒకరిని అడగకుండానే ఆ కాగితం చెబుతుంది.

గుర్తు దాటిన ప్రతిసారీ ఇంధనం లెక్క కూడా రాస్తాం. వాడిన ఇంధనమూ, ట్యాంకుల్లో మిగిలిన ఇంధనమూ కలిపితే బయలుదేరినప్పటి మొత్తం రావాలి. ఇది మీకు నేను చెప్పనక్కరలేదు: పై లాకు దగ్గర వదిలిన నీరు కింది లాకు గేజీ మీద కనబడకపోతే, గండి ఎక్కడ పడిందోనని మీరు గట్టు వెంట సైకిలేసుకుని బయలుదేరే ఉంటారు. ఒకసారి కొంచెం తేడా వస్తే గేజీ పొరపాటు అనుకోవచ్చు, కానీ ప్రతి గుర్తుకూ తేడా పెరుగుతూ పోతే ఎక్కడో కారుతోందని అనుమానించాల్సిందే.

ట్యాబ్ ఆగిపోవడం గురించి బెంగ అక్కరలేదు. సీట్లలో ఉన్న పైలట్లు ఇద్దరికీ చెరొకటి ఉంటుంది. దారి మొత్తం విమానపు కంప్యూటరులో విడిగా ఉంటుంది. నిజానికి జారిపోయేది కాగితమే. ఒక రాత్రి దిగే వేళ, నేను క్లిప్పుకు సరిగా పెట్టని చార్టు కాస్తా సీటు పక్క సందులోకి జారిపోయింది. వంగి వెతకడం ఆ సమయంలో చేయకూడని పని కాబట్టి, కో-పైలట్ తన చార్టు చూసి అంకెలు చదువుతుంటే దిగాను.

ప్రశ్న: రాజమహేంద్రవరానికి టికెట్ మీద ‘ఆర్‌జేఏ’ అని ఉంటుంది. పైలట్ల చార్టుల్లోనూ అదేనా?
— ఒక విద్యార్థిని, కొత్తపేట

జవాబు: కాదమ్మా. టికెట్లకు మూడక్షరాలు, మాకు నాలుగు: ‘వీఓఆర్‌వై’. ‘వీ’ మన ప్రాంతానికి, ‘ఓ’ దక్షిణ భారతానికి గుర్తు. విజయవాడ ‘వీఓబీజెడ్’. ట్యాబ్‌లో చార్టులు వెతికేటప్పుడు మేము కొట్టేది ఈ నాలుగక్షరాలే.