ప్లమ్స్‌తో చేసిన అప్‌సైడ్ డౌన్ కేక్ కింద ముద్దగా, నీలంగా ఎందుకు వస్తోంది?

టిన్ను పైనాపిల్‌తో ఎప్పుడూ బాగానే వచ్చే ఈ కేకు (అడుగున పండ్లు పరిచి కాల్చి, తర్వాత బోర్లించేది), ప్లమ్స్‌తో చేస్తే పండ్ల దగ్గర పచ్చిపిండిలా ముద్దగా ఉందని, చుట్టూ నీలం మరకలు కూడా వచ్చాయని రాశారు. పండ్లు పాడైపోయినవేమో అని మీ అనుమానం. పండ్ల తప్పేం లేదండీ. ఏటా ఈ సీజన్లో మా ఇంట్లో ఈ కేకు చేస్తుంటాను కాబట్టి చెబుతున్నాను.

ముందు నీలం సంగతి. ప్లమ్ తొక్కలోని ఎరుపు రంగు పులుపు ఉన్నంతసేపు ఎర్రగానే ఉంటుంది, వంటసోడాలాంటి క్షారం తగిలితే నీలానికి తిరుగుతుంది. మీ రెసిపీలో వంటసోడా ఉంది, దాన్ని విరవడానికి పెరుగుగానీ మజ్జిగగానీ లేదు. తింటే ఏమీ కాదు, చూడ్డానికే బాగోదు. సోడా మానేయండి. నేను 180 గ్రాముల మైదాకు చెంచాన్నర బేకింగ్ పౌడర్, పాల బదులు అర కప్పు చిలికిన పెరుగు వేస్తాను.

ఇక ముద్ద. టిన్ను పైనాపిల్ ముందే ఉడికి ఉంటుంది, వార్చి పెట్టేస్తే సరిపోతుంది. ప్లమ్ పచ్చిది, వేడి తగిలాక రసం వదులుతుంది. ఆ రసమేదో ఓవెన్‌లోకి వెళ్లకముందే బయటికి రప్పించాలి.

జూన్లో బండ్ల మీద కనిపించే హిమాచల్ ప్లమ్స్‌లో, నొక్కితే కొద్దిగా మాత్రమే లొంగేవి 450 గ్రాములు తీసుకోండి. మెత్తగా అయిపోయినవి తినేయడమే. మరీ పుల్లనివి పప్పులో వేయండి, మామిడికాయ పప్పుకేం తీసిపోదు. వీటిలో చాలావాటికి గింజ కండను పట్టుకునే ఉంటుంది. సగానికి కోసి మెలితిప్పితే పండు చితికిపోతుంది. మామిడిపండు చెక్కలు కోసినట్టు గింజకు రెండు పక్కలా కోసేయండి. తొక్క తీయొద్దు. పండు విడిపోకుండా ఉండేది, రంగు వచ్చేది దానివల్లే.

ముక్కల మీద రెండు చెంచాల పంచదార చల్లి, జల్లెడలో వేసి, కింద గిన్నె పెట్టి అరగంట వదిలేయండి. గిన్నెలోకి దిగిన ఎర్రటి రసాన్ని పారబోయొద్దు. దాంట్లో 80 గ్రాముల బెల్లం తురుము, 50 గ్రాముల వెన్న వేసి సన్నమంట మీద మరిగించండి. మొదట నీళ్లలా పొంగుతుంది, తర్వాత బుడగలు పెద్దవై నెమ్మదిస్తాయి. తీగపాకానికి ఒక్క అడుగు ముందు దించేయాలి. ముదిరితే చల్లారాక టిన్నుకు అతుక్కుపోతుంది.

ఎనిమిదంగుళాల టిన్నులో బటర్ పేపర్ పరిచి ఈ పాకం పోసి, ముక్కల్ని కోసిన వైపు కిందికి పెట్టి దగ్గరదగ్గరగా సర్దండి. ఉడికాక కుంచించుకుపోతాయి. అడుగు ఊడే టిన్ను మాత్రం వద్దు, పాకం కారి రాడ్ మీద పడితే ఇల్లంతా పొగే. 115 గ్రాముల వెన్న, 150 గ్రాముల పంచదార గిలక్కొట్టి, రెండు గుడ్లు, మైదా, పెరుగు, కాస్త యాలకుల పొడి కలిపితే పిండి చిక్కగా వస్తుంది. చిక్కగానే ఉండాలి, లేకపోతే ముక్కల సందుల్లోంచి కిందికి దిగిపోతుంది. అంచుల నుంచి మొదలుపెట్టి గరిటెతో కొంచెం కొంచెంగా వేయండి.

ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) రెండు రాడ్లూ వేసి, కింది అరలో 170 డిగ్రీల దగ్గర 45 నుంచి 50 నిమిషాలు. పైన తొందరగా ఎర్రబడితే ఫాయిల్ కప్పండి. పుల్ల గుచ్చి చూసేటప్పుడు పండు దాకా దింపకండి, అక్కడ ఎప్పుడూ తడే తగులుతుంది.

దించాక పది నిమిషాలు ఆగి టిన్నును ప్లేటులోకి బోర్లించండి. అంతకన్నా ముందైతే పాకం ప్లేటంతా పారుతుంది, బాగా ఆలస్యమైతే గడ్డకడుతుంది. గడ్డకట్టినా కంగారు లేదు, సన్నమంట మీద టిన్ను అడుగుని అర నిమిషం వెచ్చబెడితే వదులుతుంది. ఒకటి రెండు ముక్కలు టిన్నులోనే ఉండిపోతే తీసి అతికించేయండి, ఎవరికీ తెలీదు.

పీచ్‌లైతే తొక్క తీసేయాలి, వేడినీళ్లలో అర నిమిషం ముంచితే ఊడి వస్తుంది. బంగినపల్లితో చేయొచ్చా అనీ అడిగారు. నేనైతే వద్దంటాను. దాంట్లో పులుపు తక్కువ, పైన బెల్లం పాకం కూడా చేరితే ఒట్టి తీపి తప్ప ఏమీ మిగలదు. మామిడితోనే కావాలంటే సగం పండిన కలెక్టరు కాయ తీసుకుని, పాకంలో అర చెక్క నిమ్మరసం పిండండి.