టర్కీ పెట్ట పొదుగుకు కూర్చోవాలంటే

తమ్ముడూ, చంద్రగిరి దగ్గర మీ మామిడితోటలో టర్కీ పెట్ట గుడ్లు పెడతా ఉంది గానీ పొదుగుకు కూర్చోలేదని రాశావు కదా. గుడ్లు రోజూ తీసేస్తున్నానని కూడా నువ్వే చెప్పావు. చిక్కంతా అక్కడే ఉంది. గూట్లో గుడ్లు పోగైతేనే దానికి పొదగాలన్న ధ్యాస పుడుతుంది.

మంచి గుడ్లు తీసి చల్లటి చోట దాచుకో, వారం దాటనీయొద్దు. వాటి బదులు చెక్క గుడ్లు నాలుగైదు పెట్టు. గూడు మాత్రం చీకటి మూలనే ఉండాలి. కింద వరిగడ్డి మెత్తగా పరిచి, ముందు గోనెసంచి వేలాడదీయి. కుక్కలు, పిల్లలు ఆ పక్కకే రాకూడదు.

మా పెట్ట కూర్చున్న రోజు నాకింకా గుర్తుంది. చేయి చాపితే బుస్సుమని ఈకలు విప్పి నేలకు అతుక్కుపోయింది. పొట్ట కింద వెచ్చగా తగిలింది. అలా రెండు రాత్రులు గూడు వదలకుండా ఉంటే, మూడో రాత్రి చీకట్లో చెక్క గుడ్లు తీసి అసలువి పెట్టు. పదీ పన్నెండు చాలు. 28 రోజులకు పిల్లలొస్తాయి. ఎండాకాలమైతే నీళ్ళూ మేతా గూటికి దగ్గర్లోనే ఉంచు, లేకుంటే తిండి మానేసి చిక్కిపోతుంది.

పిల్లలు మొదట్లో తమంతట తాము తినవు, చాలా చచ్చేది అందుకే. ఉడికించిన గుడ్డు చిదిమి, సన్నగా తరిగిన మునగాకు కలిపి పళ్ళెంలో వేసి, వేలితో టకటకా కొట్టి చూపించు. ముక్కులు నీళ్ళలో ఒక్కసారి ముంచు. నాటుకోళ్ళు తిరిగే నేల మీదికి మాత్రం వదలొద్దు, వాటినుంచి కాలేయ జబ్బు అంటుకుంటుంది.