వైజాగ్‌కు బాబు వెళ్లాలా, ఇల్లంతా వెళ్లాలా?

ప్రశ్న: మాది కాజీపేట. సొంతిల్లు, చిన్న కిరాణా షాపు ఉన్నాయి. బీటెక్ అయిపోయిన మా బాబుకు వైజాగ్ రుషికొండలో ఏడాదికి 3.6 లక్షల ప్యాకేజీతో జాబ్ వచ్చింది. హైదరాబాద్ కంటే అక్కడ ఖర్చు తక్కువట. గాజువాకలో చుట్టాలున్నారు. పాప ఎనిమిదో తరగతి. అందరం అక్కడికే మారిపోదామా?

జవాబు: బాబును పంపండి. ఇల్లు మాత్రం ఇప్పుడే కదపకండి.

అద్దెల కంటే ముందు పాప సంగతి చూడాలి. 1 నుంచి 7 దాకా ఇక్కడే చదివితే రేపు టీజీపీఎస్సీ ఉద్యోగాలకు లోకల్ హోదా ఎక్కడికీ పోదు. చిక్కల్లా అడ్మిషన్లతోనే. మెడిసిన్ సీటుకు తెలంగాణ లోకల్ కావాలంటే మామూలుగా 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. ఈ నిబంధనను 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. మీరు మారదామనుకుంటున్నది సరిగ్గా ఆ నాలుగేళ్ల ముందే. అక్కడ రెండేళ్లు చదివించి, కుదరక వెనక్కి వచ్చారనుకోండి, పాప ఎటూ కాకుండా పోతుంది. డాక్టర్ చదువు మీ ఆలోచనలో లేకపోయినా పదమూడేళ్ల పిల్ల విషయంలో ఆ దారి ఇప్పుడే మూసేయడం ఎందుకు?

ఇక డబ్బు. 3.6 లక్షలంటే నెలకు 30 వేలు చేతికొస్తాయని లెక్కేయకండి. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా చాలాచోట్ల ప్యాకేజీలోనే కలిపి చూపిస్తారు. మీవాడి వాటా పీఎఫ్, వృత్తి పన్ను 200 కూడా పోతే మిగిలేది 25 వేల చిల్లర. ఒక్కడికి హాయిగా సరిపోతుంది. నలుగురికి అద్దె, ఫీజులు, కరెంటు బిల్లు అంటే కటకటే. అన్నట్టు, మన దగ్గర ఎండాకాలం కూలర్‌తో గడిచిపోతుంది. సముద్రపు ఉక్కపోతకు కూలర్ పనికిరాదు, ఏసీ పెట్టాల్సిందే.

పైగా షాపు ఉంది. ఇన్నేళ్ల ఉద్దెర ఖాతాలు, తెలిసిన గిరాకీ మీతోపాటు రైలెక్కి రావు కదా. ఇక్కడ లేని ఇంటి అద్దె అక్కడ మొదలవుతుంది.

బాబును గాజువాక చుట్టాలింట్లో ఉంచాలని మీ మనసులో ఉన్నట్టుంది. అది నగరానికి ఒక కొస, రుషికొండ మరో కొస. మధ్యలో ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్. మధురవాడ, పీఎం పాలెం వైపు హాస్టల్ చూసుకోమనండి. బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ మాత్రం చౌక కాదు. సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్, కాబట్టి బతుకమ్మకు రావడం కష్టమేం కాదు.

బయల్దేరే ముందు ఆఫర్ లెటర్ ఒకసారి మీరూ చదవండి. బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ప్రొబేషన్‌లో జీతం తగ్గుతుందా చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం జిరాక్సులే ఇమ్మనండి.